చివరి బంతి దాకా

ఐదు రొట్టెలు, రెండు చేపలు ఐదు వేల మందికి సరిపోయిన సంగతి సండే స్కూలు పిల్లలు కూడా గడగడా చెబుతారు. ఆ అద్భుతానికి ముందు జరిగిన ఏర్పాటు గురించి ప్రసంగాల్లో వినడం తక్కువ. మార్కు సువార్త ఆరో అధ్యాయం తీసి చూడండి. రొట్టె విరవకముందే యేసు జనాన్ని పచ్చిక మీద వందేసి మంది, యాభయ్యేసి మంది చొప్పున బంతులుగా కూర్చోబెట్టించాడు. ఆ తరవాతే శిష్యుల చేతికిచ్చి వడ్డించమన్నాడు. అందరూ తిన్నాక మిగిలిన ముక్కలు పన్నెండు గంపలకెత్తారు. పెళ్లింట వడ్డన చేసినవాళ్లకి ఈ ఏర్పాటు విలువ ఇట్టే తెలుస్తుంది. జనం ఎగబడితే బలమున్నవాడికి రెండు చేతులా దొరుకుతుంది, పిల్లని చంకనెత్తుకున్న తల్లికి ఏమీ మిగలదు. బంతి తీర్చి కూర్చోబెడితే ఎవరి ఆకు ఖాళీగా ఉందో వడ్డించేవాడి కంటికి ఆనుతుంది.

దేవుని క్రమం అంటే నేను నమ్మేది అదే. చివర కూర్చున్న మనిషికి కూడా అందేలా చేసే ఏర్పాటు.

శ్రీకాకుళం జిల్లా కోటబొమ్మాళి దగ్గర మా చిన్న సంఘంలో నెల మొదటి ఆదివారం బల్లారాధనకి అన్నీ సిద్ధం చేసే పని నాది. శనివారం సాయంత్రం చిన్న గాజు గ్లాసులు వేడినీళ్లలో కడిగి బోర్లిస్తాం. నల్లద్రాక్ష ఉడకబెట్టి, పిసికి, పల్చటి గుడ్డలో వడగడతాం. తెల్లగుడ్డకి ఇస్త్రీ మడత పోకుండా బల్ల మీద పరుస్తాం. వీటన్నిటికంటే నేను జాగ్రత్తగా చేసేది రొట్టె కోయడం. ముక్కలన్నీ ఒకే కొలతలో ఉండాలి. ఒకటి పెద్దదీ ఒకటి చిన్నదీ అయితే పళ్లెం దగ్గర చెయ్యి ఆగుతుంది, కళ్లు ఏరుకోవడం మొదలెడతాయి. ఆ క్షణంలో బల్ల కాస్తా బజారైపోతుంది. పళ్లెం ఎటు నుంచి ఎటు పోవాలో కూడా ముందే అనుకుంటాం. ఉదయం పనులు తెముల్చుకుని ఆలస్యంగా వచ్చే ఆడవాళ్లు గుమ్మం పక్క చాప మీద కూర్చుంటారు. పళ్లెం వాళ్ల దాకా వచ్చేసరికి అడుగు కనబడకూడదని నాలుగు ముక్కలు ఎక్కువే కోస్తాను. అందరి చేతికీ అందాకే అందరం కలిసి తీసుకుంటాం.

ఇది మేం కనిపెట్టిన పద్ధతి కాదు. కొరింథు సంఘంలో కలిగినవాళ్లు ముందొచ్చి కడుపునిండా తిని తాగేవారు, లేనివాళ్లు వచ్చేసరికి ఏమీ ఉండేది కాదు. పౌలు వాళ్లని గట్టిగా మందలించి, ఒకరి కోసం ఒకరు ఆగండని రాశాడు. సంఘంలో అన్నీ మర్యాదగా, క్రమంగా జరగాలని అదే ఉత్తరంలో తరవాత ఆయన చెప్పిన మాటని మనం గోడల మీద రాసుకున్నాం. ఆకలితో కూర్చున్నవాళ్ల గురించి రాసిన ముందు భాగాన్ని కూడా అంతే పెద్ద అక్షరాలతో రాసుకోవాలి.

ఆరాధన అయ్యాక మంచం పట్టినవాళ్ల ఇళ్లకి రొట్టె, రసం తీసుకెళతాం. ఒక మామ్మ నా అడుగుల చప్పుడు వినగానే, "నన్ను మరిసిపోనేదు గదా బాబూ" అంటుంది. మరిచిపోకుండా ఉండడానికి నా జ్ఞాపకశక్తిని నేను నమ్ముకోను. ఒక పుస్తకం ఉంది, అందులో పేర్లున్నాయి. ప్రేమకి పుస్తకమెందుకని అడిగేవాళ్లకి నా జవాబు ఆ మామ్మ గుమ్మమే.

అపొస్తలుల కార్యములు ఆరో అధ్యాయంలో మొదటి సంఘానికి ఎదురైన చిక్కు కూడా ఇదే. రోజూ జరిగే పంపకంలో గ్రీకు మాట్లాడే విధవరాండ్రకి అందడం లేదని సణుగుడు మొదలైంది. అపొస్తలులు సణిగినవాళ్ల నోరు నొక్కలేదు. జనాన్ని పిలిచి ఏడుగురిని ఎన్నుకోమన్నారు. ఆ పేర్లు చదవండి: స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు. ఏడూ గ్రీకు పేర్లే. నష్టపోయిన పక్షం చేతికే గరిటె ఇచ్చారన్నమాట. సంఘ చరిత్రలో ఇంతకంటే ధైర్యమైన పరిపాలన నిర్ణయం నాకు కనబడదు.

ఈ అధ్యాయం నాకు బాగా బోధపడింది తుపాను తరవాత. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను వజ్రపుకొత్తూరు మండలం పల్లిసారథి దగ్గర తీరం దాటింది. ఉద్దానం ప్రాంతంలో కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగాయి. స్తంభాలు విరిగి మా పక్క ఊళ్లన్నీ చీకట్లో ఉండిపోయాయి. బియ్యం, నీళ్లు, కొవ్వొత్తులు వేసుకుని బళ్లు వచ్చేవి. బండి ఆగిన చోట జనం మూగేవారు. రోడ్డు పక్క ఇళ్లకి రెండుసార్లు అందేది, లోపలి వీధికి బండి వచ్చిందన్న కబురే అందేది కాదు. మా వాళ్లు చేసిందల్లా ఒక్కటే. పంచడానికి ముందు వీధి వీధీ తిరిగి ఇంటి పేర్లు రాశారు. ఒంటరి ముసలివాళ్లు, బాలింతలు ఉన్న ఇళ్లకి గుర్తు పెట్టి అక్కడి నుంచే మొదలెట్టారు. ఏ మతం ఇల్లన్నది ఆ కాగితంలో లేదు. ఆ రోజుల్లో మా సంఘం చేసిన ఆరాధనలో ఆ కాగితం కూడా భాగమే అనుకుంటాను.

మా వైపు సంఘాలకి క్రమం నేర్పినవాళ్లు చాలామంది. 1870ల నుంచి కెనడా బాప్తిస్టులు భీమిలి, బొబ్బిలి, శ్రీకాకుళం, ఆ తరవాత టెక్కలిలో పనిచేశారు. వాళ్లు నాటిన సంఘాలు 1947లో సీబీసీఎన్‌సీ (కన్వెన్షన్ ఆఫ్ బాప్టిస్ట్ చర్చెస్ ఆఫ్ నార్తర్న్ సర్కార్స్)గా ఒక్కటయ్యాయి. బాప్తిస్టు పద్ధతిలో సంఘ సభదే ఆఖరి మాట, బాప్తిస్మం పొందిన సభ్యులంతా అందులో కూర్చుంటారు. 1993లో ఏర్పడిన శ్రీకాకుళం కతోలిక మేత్రాసనానిది పీఠాధిపతి కింద నడిచే క్రమం. పద్ధతులు వేరే, గుమ్మం పక్క చాప రెండు చోట్లా ఉంటుంది.

పాటలోనూ ఈ క్రమాన్నే చూస్తాను. పర్లాకిమిడి దగ్గర 1803లో పుట్టి, 1833లో కటకంలో బాప్తిస్మం పొందిన పురుషోత్తమ చౌదరి మనకి ఇచ్చిన కీర్తనలకి రాగం, తాళం ఉన్నాయి. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిస్తే పాట పైనే రాగమూ తాళమూ కనబడతాయి. పల్లవి దగ్గరికి మళ్లీ మళ్లీ వచ్చే ఆ కట్టుబాటు వల్లే అక్షరం రాని మామ్మలు చరణాలన్నీ నోటికి పాడగలుగుతున్నారు. తాళం లేని పాటని మైకు పట్టుకున్నవాడొక్కడే పాడతాడు.

క్రమం పేరుతో నోళ్లు మూయించడమూ చూస్తున్నాం. ఎక్కువ కానుక వేసినవాళ్లకి ముందు కుర్చీ, లెక్క అడిగినవాళ్లకి తిరుగుబాటుదారులన్న పేరు. కొరింథు ఉత్తరంలోంచి ఆడవాళ్లు మౌనంగా ఉండాలన్న వచనం ఎత్తేవాళ్లు, అదే ఉత్తరం పదకొండో అధ్యాయంలో స్త్రీలు ప్రార్థించడం, ప్రవచించడం జరుగుతున్నట్టే పౌలు మాట్లాడాడని గుర్తుచేయరు. కెంక్రేయ సంఘ పరిచారకురాలు ఫీబేని రోమా సంఘానికి ఆయనే పరిచయం చేశాడు. మన పల్లెల్లో ఇంటింటికీ నడిచి వాక్యం చెప్పింది బైబిలు స్త్రీలు. ప్రవక్తలు సైతం ఒకరి తరవాత ఒకరు మాట్లాడాలనీ, కూర్చున్నవాడికి ఏదైనా తోస్తే మాట్లాడుతున్నవాడు ఆగాలనీ ఆ కొరింథు ఉత్తరంలోనే ఉంది. అంటే కూర్చున్నవాళ్లకీ వంతు ఉందనే కదా.

వచ్చే సంఘ సభకి నేను రెండు సంగతులు తీసుకెళుతున్నాను. సహాయ నిధి లెక్క రాసే పని, ఆ నిధి మీద ఆధారపడినవాళ్లలోంచే ఇద్దరికి ఇవ్వాలి, అందులో ఒకరు ఆడమనిషి కావాలి. రెండోది, బల్ల దగ్గర పళ్లెం ఇకమీదట గుమ్మం పక్క చాప నుంచి బయలుదేరాలి. రెండో దానికి అభ్యంతరం చెప్పేవాళ్లు ఎవరో నాకు తెలుసు. వాళ్లతో ముందే వాళ్ల ఇళ్లకెళ్లి మాట్లాడతాను.