రెండంగుళాలు లేపాక బ్రేకు తొక్కితే

లిఫ్ట్ చేయించిన, అంటే స్ప్రింగులు మార్చి ఎత్తు పెంచిన బండి మొదట్లో ఎవరినీ ఏమీ అనదు. గుంటల్లో హాయిగా పోతుంది, ఫొటోల్లో బాగా పడుతుంది, పక్కింటివాళ్లు బాల్కనీలోంచి తొంగి చూస్తారు. తర్వాత ఒక రోజు హైవే మీద ఎనభైలో పోతుండగా ముందు లారీ బ్రేక్ లైట్లు వెలుగుతాయి. కాలు పెడల్ మీద పడగానే స్టీరింగ్ చేతుల్లో కొట్టుకోవడం మొదలెడుతుంది. కాలు తియ్యాలో, ఇంకా గట్టిగా తొక్కాలో తెలియని ఆ రెండు మూడు సెకన్లు అనుభవించినవాడు మర్నాడు మెకానిక్‌ని వెతుక్కుంటూ బయల్దేరతాడు.

అలాంటివాళ్లు కొందరు విజయవాడ ఆటోనగర్‌లో నేను ఆదివారాలు కాలక్షేపం చేసే షెడ్డుకి వస్తారు. నాకు పానా పట్టడం కొద్దిగా వచ్చు, స్టూలు మీద కూచుని చూడటం బాగా వచ్చు. ఈమధ్య జిమ్నీ వేసుకుని ఒక కుర్రాడొచ్చాడు. ఇంకెక్కడో స్ప్రింగులు మార్పించి రెండంగుళాలు లేపించాడట. రోగమేమిటో కూడా తనే తేల్చుకుని వచ్చాడు: "డిస్కులు బెండయ్యాయి మేస్త్రీ గారూ, లేత్ మీద పట్టించాలి."

"బ్రేకు వదిలేస్తే ఆగుతోందా బాబూ, ఆగట్లేదా?" అన్నాడు మేస్త్రీ.

ఈ ప్రశ్నకి నా దృష్టిలో సగం పనిముట్ల పెట్టెకున్నంత విలువుంది. డిస్కు వల్ల వచ్చే అదురు చక్రం తిరుగుడుకి కట్టుబడి ఉంటుంది. జిమ్నీకి కంపెనీ ఇచ్చే 195/80 ఆర్15 టైరు చుట్టుకొలత సుమారు 2.2 మీటర్లు. గంటకి 80 కిలోమీటర్ల దగ్గర చక్రం సెకనుకి పదిసార్లు తిరుగుతుంది, నలభైలో అయిదుసార్లు. డిస్కులో ఒకచోట తేడా ఉంటే దెబ్బలూ అదే లెక్కన పడతాయి. బండి నెమ్మదించే కొద్దీ దెబ్బకీ దెబ్బకీ మధ్య ఎడం పెరుగుతుంది, కాలు తీస్తే అదురు పోతుంది. ముందు ఆక్సిల్లో పుట్టే వణుకు అలా కాదు. దానికి సొంత తాళం ఉంది. బ్రేకుతో మొదలైనా, బ్రేకు వదిలాక కూడా బండి బాగా నెమ్మదించేదాకా కొట్టుకుంటూనే ఉంటుంది.

కుర్రాడు ఆలోచించి, "ఒక్కోసారి ఆగుతోంది, ఒక్కోసారి ఆగట్లేదు" అన్నాడు. నిజం చెప్పే కస్టమర్లు ఎప్పుడూ ఇలాంటి జవాబే ఇస్తారు.

డిస్కు మీద అతని అనుమానం తీసిపారేసేది కాదు. పోత ఇనుప డిస్కు అప్పడంలా వంకర తిరగడం అరుదే. ఎక్కువగా జరిగేది వేరు. అనంతగిరి ఘాట్ దిగేటప్పుడు బ్రేకులు కాలి, కింద ఆగి పెడల్ అలాగే తొక్కి పట్టుకుంటే ప్యాడ్ పదార్థం డిస్కుకి ఒకచోట అంటుకుంటుంది. మందంలో తేడా మిల్లీమీటరులో కొన్ని వందో వంతులున్నా చేతికి తెలిసిపోతుంది. లిఫ్ట్ చేసేటప్పుడు నాలుగు చక్రాలూ ఊడదీస్తారు కదా, హబ్ మీది తుప్పు తుడవకుండా గాలి గన్‌తో నట్లు ఇష్టమొచ్చినట్టు బిగిస్తే డిస్కు సరిగ్గా కూర్చోదు. అందుకే మేస్త్రీ ముందు చక్రాలు విప్పి, హబ్ గీకి, డయల్ గేజ్ పెట్టి చూశాడు. డిస్కులు బాగానే ఉన్నాయి. రిమ్ లోపల ఎండిపోయిన నల్లరేగడి మాత్రం దోసెడు రాలింది. ఆ మట్టి అదిరించేది బ్రేకు తొక్కినా తొక్కకపోయినా ఒకటే, కాబట్టి ఈ కేసులో అది ముద్దాయి కాదు.

అసలు కథ క్యాస్టర్‌ది. చేతులు వదిలినా సైకిల్ తిన్నగా పోవడానికి దాని ముందు ఫోర్కు కాస్త వెనక్కి వాలి ఉండటం ఒక కారణం. బండి ముందు చక్రాలు ఎడమకీ కుడికీ తిరిగే ఇరుసుకీ (కింగ్ పిన్) అలాంటి వాలే ఉంటుంది. ఆ వాలే క్యాస్టర్. జిమ్నీలో ముందు ఆక్సిల్ ఒకే దుంగ. దాన్ని పట్టుకుని రెండు ఆర్ములు వెనక్కి ఛాసీ దాకా వెళతాయి. స్ప్రింగులు పెంచి ఛాసీని లేపితే ఆర్ముల వెనక కొస కూడా పైకి పోతుంది. దాంతో ఆక్సిల్ ముందుకి దొర్లి క్యాస్టర్ తగ్గుతుంది. ఇక బ్రేకు పడితే డిస్కు తిరిగే ఊపుతో క్యాలిపర్‌నీ, దానితో ఆక్సిల్‌నీ అదే వైపు, అంటే ముందుకి ఇంకా దొర్లించాలని చూస్తుంది. ఆపాల్సింది ఆర్ముల రబ్బరు బుష్‌లు. అవి మెత్తబడి ఉంటే మిగిలిన కాస్త క్యాస్టరూ, చక్రాలు తిన్నగా ఉండాలనే పట్టుదలా బ్రేకు తొక్కిన ఆ క్షణంలోనే పోతాయి.

అందుకే లిఫ్ట్ వణుకు పుట్టిస్తుందని నేననను. కంపెనీవాళ్లు బుష్ అరుగుతుందనీ, టై రాడ్ ఎండ్ వదులవుతుందనీ ముందే ఊహించి కొంత వెసులుబాటు ఉంచుతారు. రెండంగుళాల ఎత్తు దాన్ని ఒక్క రోజులో తినేస్తుంది. మామూలు ఎత్తులో ఇంకా వేల కిలోమీటర్లు నోరెత్తకుండా తిరగాల్సిన బుష్ ఇప్పుడు దొరికిపోతుంది.

ఇదేం కొత్త జబ్బు కాదు. 1920ల్లో కార్లకి ముందు చక్రాల బ్రేకులూ, తక్కువ గాలితో నడిచే బెలూన్ టైర్లూ ఒకేసారి వచ్చాయి. దుంగ ఆక్సిళ్ల మీద చక్రాలు పూనకం వచ్చినట్టు ఊగేవి. ఫ్రాన్స్‌లో బ్రూల్యే అనే ఇంజనీరు 1925లో ఈ వణుకు మీద పరిశోధన అచ్చేశాడు. అమెరికాలో జనరల్ మోటార్స్ 1934 కార్లలో ఆ దుంగనే తీసేసి, మారిస్ ఓలీ పనితో ముందు చక్రాలకి విడివిడి సస్పెన్షన్ ఇచ్చింది. రాళ్లెక్కే బండికి దుంగే గట్టిదని మనం మళ్లీ దాన్నే కోరుకుంటాం. కోరుకున్నాక దాని జబ్బూ మనదే.

డిస్కులు చూసి చక్రాలు మళ్లీ బిగించాక మేస్త్రీ చేసిందే నాకు బాగా నచ్చే భాగం. బండి నేల మీదే, దాని బరువు టైర్ల మీదే. కుర్రాడు ఇంజన్ స్టార్ట్ చేసి స్టీరింగ్‌ని ఎడమకీ కుడికీ చిన్నగా ఆడిస్తుంటే మేస్త్రీ కింద పడుకుని ఒక్కో జాయింటు మీద వేళ్లు పెట్టాడు. కంటికి కనబడని ప్లే (వదులు) వేళ్లకి టక్కుమని తెలుస్తుంది. డ్రాగ్ లింక్, టై రాడ్ ఎండ్లు, ఆక్సిల్‌ని పక్కకి జరక్కుండా పట్టుకునే పాన్‌హార్డ్ రాడ్, దాని బోల్టు రంధ్రం అన్నీ చూశాడు. ఆ రంధ్రం కోలగా సాగిందంటే ఎన్ని కొత్త భాగాలేసినా లాభం లేదు. తర్వాత జాకీ మీద లేపి చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపాడు. కొద్దిగా ఆడింది. "బ్రేకు తొక్కు బాబూ" అని మళ్లీ ఊపాడు. ఆడలేదు. అంటే ప్లే వీల్ బేరింగ్‌లో ఉంది, కింగ్ పిన్‌లో కాదు. బ్రేకు పట్టినప్పుడు డిస్కూ, చక్రాన్ని మోసే నకిలూ ఒకటైపోతాయి కాబట్టి అప్పుడూ ఆడితే కింగ్ పిన్ బేరింగ్‌ని అనుమానించాలి. ఏ మిషనూ లేకుండా రెండు బేరింగ్‌లని విడదీసి చూపించే ఈ ఉపాయం ముందు నాకు ఖరీదైన స్కానర్లు ఆనవు.

చివరికి నేల మీదే బ్రేకు తొక్కించి బండిని ముందుకీ వెనక్కీ తోయించాడు. ఆర్ము బుష్‌ల దగ్గర ఆక్సిల్ కనబడేంతగా దొర్లింది, రబ్బరు చీలి ఉంది. కొత్త బండికి ఇంత త్వరగా ఎందుకు చీలిందంటే, లిఫ్ట్ చేసినవాళ్లు చక్రాలు గాల్లో వేలాడుతుండగానే బోల్టులు బిగించేశారు. నేల మీదకి దిగేసరికి రబ్బరు మెలితిరిగి కూర్చుంది. బరువంతా టైర్ల మీద ఉన్నప్పుడే ఆ బోల్టులు బిగించాలి. కాగితం మీద ఒక్క వాక్యం, షెడ్డులో పది నిమిషాల పని, అయినా ఎక్కువమంది వదిలేసేది ఇదే.

స్టీరింగ్ ఊపుని అణిచే డ్యాంపర్ మార్చేస్తే వణుకు పోతుందని కుర్రాడికి ఎవరో చెప్పారట. కొన్నాళ్లు పోతుంది కూడా. ప్లే ఉన్న చోట ప్లే అలాగే ఉండి, పెద్దదై, ఇంకో రోజు ఇంకా ఎక్కువ స్పీడులో బయటపడుతుంది. కారణం దొరక్కముందు డ్యాంపర్ అమ్మే దుకాణానికి నేను ఎవరినీ పంపను. అన్నట్టు, మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు కంపెనీ నిర్దేశాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. లిఫ్ట్ చేయించేముందు స్ప్రింగుల ధరతో పాటు ఇదీ విచారించుకోవడం మంచిది.

లిఫ్ట్ చేయించాక అలైన్‌మెంట్ షాపులో టో (పైనుంచి చూస్తే ముందు చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) సరిచేసి పంపారు, క్యాస్టర్ ముట్టుకోలేదు. ఈ బండికి దాన్ని మార్చే ఏర్పాటు కంపెనీ నుంచి లేదు. బోల్టు రంధ్రం మధ్యలో కాకుండా పక్కకి ఉండే బుష్‌లు మేస్త్రీ తెప్పించి ఆక్సిల్‌ని కాస్త వెనక్కి తిప్పాడు. ఇంకా ఎక్కువ తిప్పొచ్చు కదా అన్నాడు కుర్రాడు. తిప్పితే పినియన్ ముక్కు కిందికి దిగి ప్రొపెల్లర్ షాఫ్ట్ కోణం చెడుతుంది, అప్పుడు కొత్త అదురు మొదలవుతుంది. వీల్ బేరింగ్ బిగించి, బండిని నేల మీదకి దింపి, నాలుగుసార్లు బలంగా నొక్కి వదిలి, అప్పుడు బోల్టులు టార్క్ రెంచితో బిగించాడు.

బైపాస్ మీద తిప్పొచ్చి కుర్రాడు నవ్వుతూ దిగాడు. దిగీ దిగగానే పెద్ద టైర్ల సంగతి ఎత్తాడు. మేస్త్రీ చేతులు తుడుచుకుంటూ, "ముందు వెయ్యి కిలోమీటర్లు తిప్పి రా బాబూ, ఈ బోల్టులు మళ్లీ చూడాలి" అన్నాడు.