మారుపేరుతో దిగిన ఫొటో

పుష్పమాల ఎన్. తోడ స్త్రీ వేషం కట్టిన ఫొటో మీలో చాలామంది చూసే ఉంటారు. వెనక గళ్ళ గుడ్డ, కొలతల కోసం నిలబెట్టినట్టున్న ఒళ్ళు. ఈ బెంగళూరు కళాకారిణి, ఫొటోగ్రాఫర్ క్లేర్ ఆర్నీ కలిసి 2000 నుంచి 2004 దాకా చేసిన 'నేటివ్ విమెన్ ఆఫ్ సౌత్ ఇండియా' సిరీస్‌లోది. అదే సిరీస్‌లో ఆమె రవివర్మ లక్ష్మి అవుతుంది, వేళాంకణి మాత అవుతుంది, పోలీసులు పట్టుకున్న ఆడమనిషి అవుతుంది. అన్నిట్లోకీ ఈ గళ్ళ గుడ్డ ఫొటోనే గట్టిది అంటాను. మిగతావి చూస్తే ఎక్కడో నవ్వొస్తుంది. దీన్ని చూస్తే రాదు.

ఆ గళ్ళకో చరిత్ర ఉంది. 1869లో జాన్ లాంప్రే అనే ఆయన చెక్క చట్రానికి పట్టుదారాలు కట్టి, రెండంగుళాల గళ్ళు చేసి, వాటి ముందు మనుషుల్ని బట్టల్లేకుండా నిలబెట్టి ఫొటోలు తీసే పద్ధతి చెప్పాడు. ఎవరి ఒళ్ళు ఎంతుందో గళ్ళు లెక్కపెట్టి పోల్చుకోవచ్చన్నమాట. అదే రోజుల్లో 'ది పీపుల్ ఆఫ్ ఇండియా' ఎనిమిది సంపుటాలు (1868–75) వచ్చాయి. మన వైపు ఎడ్గర్ థర్‌స్టన్. మద్రాసు మ్యూజియం సూపరింటెండెంటు. ముక్కులూ తలలూ కొలిచీ కొలిచీ 1909లో ఏడు సంపుటాలు అచ్చేశాడు. మాల, మాదిగ, కాపు, కోయ, అందరం ఉన్నాం అందులో, అక్షర క్రమంలో, రకాల వారీగా.

పుష్పమాల ఆ కొలతబద్ద కిందికి తనే వెళ్ళి నిలబడింది. రకం అనేది ఒంట్లోంచి రాలేదు, గుడ్డతో, లైటుతో, నిలబెట్టే తీరుతో తయారైందని చూపెట్టింది. ఎవరు నిలబడ్డా 'తోడ' అవుతారు. పని తెలిసిన ఫొటో అది. ఇంతవరకూ నాకు పేచీ లేదు.

పేచీ తర్వాత మొదలవుతుంది. ఈ ఫొటో పనిచేయాలంటే అందులో ఉన్నది పుష్పమాల అని చూసేవాళ్ళకి ముందే తెలియాలి. గోడ మీద చీటీ తీసేస్తే మిగిలేది మళ్ళీ ఒక తోడ స్త్రీ, మళ్ళీ ఒక గళ్ళ గుడ్డ. ఈ సిరీస్‌తో పాటు తెరవెనక ఫొటోలు కూడా ఉన్నాయి, వేషం ఎట్లా కట్టారో చూపించేవి. నిజాయితీ కోసం పెట్టినవే. కానీ అవి ఇంకో మాట కూడా చెప్తాయి: సాయంత్రానికి ఈ వేషం విప్పేస్తారు. గళ్ళ ముందు మొదటిసారి నిలబడ్డ మనిషికి విప్పడానికి ఏముంది? ఆమెకు చీటీ మీద పేరు కూడా లేదు.

'ఐడెంటిటీ అంటే పెర్ఫార్మెన్సే' అనే మాట ఇప్పుడు ఏ ఎగ్జిబిషన్‌కి పోయినా వినిపిస్తుంది. ఫొటోగ్రఫీకి ఇది కొత్తేం కాదు. 1840లోనే ఇప్పొలీత్ బయార్ నీళ్ళలో మునిగి చచ్చిపోయిన మనిషిలా తన ఫొటో తానే తీసుకున్నాడు. 1977–80 మధ్య సిండీ షెర్మన్ లేని సినిమాల్లో హీరోయిన్ వేషాలేసింది. సరే, పెర్ఫార్మెన్సే. నేను కాసిపేట వాణ్ణి. ఒక పక్క బొగ్గు బాయిలు, ఇంకో పక్క దేవాపూర్ సిమెంటు ఫ్యాక్టరీ, నడుమ గోండు, నాయకపోడు గూడేలు. మా దగ్గర ఆ మాట అంటే మాత్రం తెల్లమొహం వేయరు. 'మారుపేరు గురించా?' అంటారు.

తెలియనోళ్ళ కోసం చెప్తాను. సింగరేణి బెల్టులో ఒకప్పుడు చాలామంది ఇంకొకరి పేరు మీద బాయిలో చేరారు. పేరొచ్చిన మనిషి రాకపోతే తమ్ముడో, బావమరిదో, ఊరివాడో ఆ పేరుతో దిగేవాడు. మస్టర్‌లో ఆ పేరు పిలిస్తే పలకాలి. జీతం చీటీ మీద ఆ పేరు, గుర్తింపు కార్డు మీద ఆ పేరు, దాని పక్కన మాత్రం ఇతని మొహం. ఇరవై, ముప్ఫై ఏండ్లు. పొద్దున షిఫ్టుకు పోయేటప్పుడు ఒకరు, ఇంటికొచ్చి తువ్వాల దులుపుకునేటప్పుడు ఒకరు. కొడుకు బడి సర్టిఫికెట్‌లో తండ్రి పేరు ఒకటి, కంపెనీ రికార్డులో ఇంకొకటి. వారసత్వ ఉద్యోగం దగ్గరికొచ్చేసరికి ఈ రెండూ కలవవు. అందుకే మారుపేర్లు మార్చి సొంత పేర్లు రాస్తామనేది ఇక్కడ కార్మిక సంఘాల హామీల్లో ఒకటైంది.

ఆ కార్డు ఫొటో ఒకసారి ఊహించండి. చెవులు రెండూ కనపడాలి, చూపు నేరుగా ఉండాలి. వేషం లేదు, రంగు లేదు. ఫొటోగ్రఫీలో ఇంతకన్నా 'నిజమైన' రకం ఇంకోటి లేదనుకుంటాం. నటన అంతా పక్కన టైపు చేసిన పేరులో ఉంది. కెమెరాకు పేరు కనపడదు కదా. షెర్మన్ మొహం మార్చుకుని తన పేరుతోనే సంతకం పెట్టింది. మావోళ్ళు మొహం అదే ఉంచుకుని సంతకం మార్చారు, పట్టుబడితే పని పోయే లెక్కన. ఈ రెంటినీ ఒకే మాటతో 'పెర్ఫార్మెన్స్' అని సర్దేసే విమర్శ నాకు సోమరిగా కనిపిస్తుంది.

ఈ వేషం సంగతి నాకంటే బాగా అర్థమైనవాడు సామ్యూల్ ఫోసో అనుకుంటా. 1975లో, పదమూడేండ్ల వయసులో బాంగీలో స్టూడియో పెట్టాడు. పగలంతా ఊరోళ్ళ ఫొటోలు తీసి, రీల్‌లో మిగిలిన ఫిల్ముతో రాత్రిపూట సోకుగా తయారై తన ఫొటోలు తీసుకునేవాడు. నైజీరియాలో ఉన్న అవ్వకు పంపడానికి: నేను బాగున్నానని చెప్పడానికి. 1994లో బమాకోలో జరిగిన ఫొటో ఉత్సవం తర్వాతే లోకం వాటిని 'కళ' అంది. బెల్లంపల్లి, మందమర్రి స్టూడియోల్లో తెర ముందు నిలబడి, అరువు కోటు తొడుక్కుని దిగిన ఫొటోల పని కూడా ఇదే. మధ్యప్రదేశ్‌లోని నాగ్దా అనే ఫ్యాక్టరీ ఊరి స్టూడియోల గురించి క్రిస్టఫర్ పిన్నీ 1997లో 'కెమెరా ఇండికా' అని ఏకంగా పుస్తకమే రాశాడు. మా స్టూడియోల మీద అట్లాంటిది ఎవరన్నా రాస్తే బాగుండు.

బయటోళ్ళు తీసిన గని కార్మికుడి ఫొటో ఎట్లుంటదో మీకు తెలుసు. నల్లటి మొహం, తెల్లటి కళ్ళు, టోపీ లైటు. సెబాస్టియో సల్గాడో ధన్‌బాద్‌లో తీసినవి గొప్ప ఫొటోలే, కాదనను. కానీ ఆ నల్లమొహం ఫొటో మా వాడలో ఒక్క ఇంటి గోడ మీద కూడా నేను చూడలేదు. గోడ మీద ఉండేది కోటు ఫొటోనే. అరువు కోటును అబద్ధం అనీ, బొగ్గు మొహాన్ని నిజం అనీ తేల్చింది ఎవరు? బొగ్గు స్నానం చేస్తే పోతుంది. ఇల్లు చేరేసరికి ఎట్లాగూ కడుక్కునే వస్తారు.

అన్ని వేషాలూ అంత తేలిగ్గా విప్పలేమని మా జిల్లాలకు ఇంకో రకంగా కూడా తెలుసు. దండారి రోజుల్లో నెమలి ఈకల టోపీ పెట్టిన గుస్సాడీ ఆ పండగ అయ్యేదాకా స్నానం చేయడు. అతన్ని మనిషిగా చూడరు, దేవుడిగా చూస్తారు. ఫొటో కోసం ఒకసారి టోపీ తీసి పెట్టుకో అంటే కుదరదు. మార్లవాయిలో ఉండి రాజగోండుల గురించి రాసిన హైమెన్‌డార్ఫ్ 1940లలో తీసిన ఫొటోలు ఇప్పుడు లండన్‌లో ఉన్నాయి. వాటి మీద ఏ కళాకారుడైనా పని చేస్తే ముందు ఈ నియమాన్ని అర్థం చేసుకోవాలి. ఈకలు తెచ్చి తలకు కట్టుకుని సెల్ఫ్ పోర్ట్రెయిట్ తీసుకుంటే సరిపోదు.

పుష్పమాల మీద గౌరవం తగ్గించి ఇది రాయట్లేదు. గళ్ళ గుడ్డను గళ్ళ గుడ్డగా చూడటం ఆమె ఫొటోలోనే నేర్చుకున్నా. కానీ ఆ ఫొటో నన్ను తీసుకెళ్ళేది గ్యాలరీ నుంచి ఫ్లెక్సీలు కొట్టే షాపుకి. బాయి మనిషి చనిపోతే శ్రద్ధాంజలి ఫ్లెక్సీ కోసం ఇంటోళ్ళు తెచ్చేది ఎక్కువగా ఆ కార్డు ఫొటోనే, పెద్దది చేయించడానికి. కంప్యూటర్ ముందు కూర్చున్న పిల్లవాడు కాలర్ సరిచేస్తాడు, వెనక మబ్బులు పెడతాడు, చివరికి పేరు అడుగుతాడు. ఇంటోళ్ళు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుంటారు. అతనికి అలవాటే. ఊర్లో పిలిచే పేరు పెద్దక్షరాల్లో కొట్టి, పక్కన 'అలియాస్' అని పెట్టి, రెండో పేరు చెప్పమంటాడు.