మూడు విగ్రహాలు చెప్పని కథ
(మొదటి ప్రపంచ యుద్ధ చరిత్ర రచనపై ఒక విమర్శ)

మొదటి ప్రపంచ యుద్ధంలో ముఖ్యమైన మలుపులేవని అడిగితే సాధారణంగా వచ్చే సమాధానం ఒకటే. 1914 జూన్ 28న సరయేవోలో జరిగిన హత్య, మార్న్, వెర్డన్ పోరాటాలు, 1917లో అమెరికా ప్రవేశం, అదే ఏట రష్యా విప్లవం, 1919లో వెర్సాయ్ సంధి. వీటిలో ఏదీ అబద్ధం కాదు. అయితే ఈ జాబితా చదివిన అల్మాస్‌గూడ విద్యార్థికి ఆ యుద్ధం తన ఊరికి సంబంధం లేని ఐరోపా వారి ఇంటి తగాదాగానే తోస్తుంది. యథార్థం అందుకు పూర్తిగా భిన్నమైనది.

హైదరాబాదు ముస్లిములకు అసలు మలుపు 1914 నవంబరు. ఉస్మానియా సామ్రాజ్యం జర్మనీ పక్షాన యుద్ధంలోకి దిగింది. ఖలీఫా పేరిట ఇస్తాంబుల్‌లో జిహాద్ ఫత్వా వెలువడింది. అరేబియాలోని పవిత్ర స్థలాలపై దాడి జరపబోమని బ్రిటిషు ప్రభుత్వం ప్రకటించింది. ఆ నెలలోనే ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్, ముస్లిములు బ్రిటిషు వారికి విధేయులుగా ఉండాలని కోరుతూ ప్రకటన చేశాడు. హైదరాబాదు అశ్వికదళం ఈజిప్టుకు వెళ్ళింది. 1915 ఫిబ్రవరిలో ఉస్మానియా సేనలు సూయజ్ కాలువపై దాడి చేసినప్పుడు ఈ దళం భాగంగా ఉన్న బ్రిగేడు కాలువ రక్షణలోనే ఉంది. ఖలీఫా సైన్యానికి ఎదురుగా నిజాం సైన్యం నిలిచింది. ఇంతటి మలుపు చాలా పుస్తకాలలో ఒక్క వాక్యానికి కూడా నోచుకోలేదు.

ఢిల్లీలోని తీన్ మూర్తి స్మారకం 1922లో వెలసింది. హైదరాబాదు, మైసూరు, జోధ్‌పూర్ సంస్థానాల సైనికులకు గుర్తుగా మూడు విగ్రహాలు నిలిపారు. సీనాయ్, పాలస్తీనా, సిరియా రంగాలన్నిటికీ చెందిన స్మారకమది. 2018లో ఆ కూడలి పేరుకు ‘హైఫా’ చేర్చారు. అప్పటినుండి మూడు సంస్థానాల వారూ కలసి హైఫాపైకి గుర్రాలు ఉరికించారన్న మాట తరచుగా వినిపిస్తున్నది. 1918 సెప్టెంబరు 23న హైఫాపై దాడి చేసినవి జోధ్‌పూర్, మైసూరు దళాలు. వారి శౌర్యం నిస్సందేహం. కాని ఆ కీర్తిని మూడింటికీ సమంగా పంచితే, హైదరాబాదు సిపాయి ఎదుర్కొన్న ప్రత్యేకమైన ప్రశ్న కనుమరుగవుతుంది.

ఆ ప్రశ్న ఊహాజనితమైనది కాదు. 1915 ఫిబ్రవరి 15న సింగపూరులో ఐదవ లైట్ ఇన్‌ఫాంట్రీకి చెందిన ముస్లిం సిపాయిలు తిరగబడ్డారు. తమను తుర్కులపై యుద్ధానికి పంపుతున్నారన్న వదంతి అందుకొక కారణం. నిజానికి వారిని పంపదలచింది హాంకాంగుకు. తిరుగుబాటును అణచిన తరువాత 47 మందిని కాల్చి చంపారు. విధేయతకు బిరుదులున్నాయి, తిరుగుబాటుకు తుపాకీ గుండ్లున్నాయి. ఈ రెంటి నడుమ ఆజ్ఞను శిరసావహించిన సామాన్య సిపాయి మనసులో ఏముందో ఏ శిలాఫలకమూ చెప్పదు.

మన సముదాయంలోని కథనాలు కూడా విమర్శకు అతీతం కావు. ఒక వర్గం నిజాంను ఖిలాఫత్‌కు ద్రోహం చేసినవాడంటుంది. 1918లో ‘హిజ్ ఎగ్జాల్టెడ్ హైనెస్’ బిరుదును, ఆయన ధనంతో సమకూరిన 110వ హైదరాబాదు విమానదళాన్ని సాక్ష్యంగా చూపుతుంది. మరొక వర్గం ఆయనను ఖలీఫాను ఆదుకున్న పుణ్యాత్ముడంటుంది. దేశభ్రష్టుడైన అబ్దుల్ మజీద్‌కు ఆయన నెలకు 300 పౌండ్ల భత్యం ఇచ్చాడు. 1931 నవంబరులో నీస్ నగరంలో ఖలీఫా కుమార్తె దుర్రె షెహ్‌వార్ ఆజం జాకు, ఉస్మానియా వంశానికే చెందిన నీలోఫర్ మొఅజ్జం జాకు ఇల్లాళ్ళయ్యారు. నీలోఫర్ ఆసుపత్రి పేరు నేటికీ ఆ సంబంధాన్ని గుర్తుచేస్తున్నది. రెండు కథనాలలోనూ సత్యముంది. రెండూ సగమే చెబుతున్నాయి. ఒకే వ్యక్తి 1914లో ఒక పక్షాన, 1924 తరువాత మరొక విధంగా ఎందుకు నడచుకున్నాడన్నది చరిత్రకారుడు పరిశోధించవలసిన విషయం. అది తీర్పుతో ముగించవలసిన విషయం కాదు.

యుద్ధానంతర పరిణామాల విషయంలో మరొక పొరపాటు స్థిరపడింది. ఖిలాఫత్‌ను బ్రిటిషు వారే రద్దు చేశారని పలువురి నమ్మకం. 1916లో సైక్స్-పీకో ఒప్పందం, 1917 నవంబరు 2న బాల్ఫర్ ప్రకటన, 1920లో సేవ్ర్ సంధి ద్వారా ఉస్మానియా భూభాగాలను పంచడానికి పూనుకున్నది సామ్రాజ్యవాదులే. కాని 1924 మార్చి 3న ఖిలాఫత్‌ను రద్దు చేసింది అంకారాలోని తుర్కీ జాతీయ సభ. లండనుకు వినతులు పంపి, జైళ్ళు నింపిన భారత ముస్లిములకు తుది దెబ్బ వారు ఎదురు చూడని దిక్కునుండి తగిలింది. ఈ సంగతిని దాచిపెడితే ఆ ఉద్యమకారుల త్యాగం పెరగదు. వారి వేదన మాత్రం అర్థం కాకుండా పోతుంది.

చరిత్ర రచనకు సాక్ష్యం చెప్పడమంతటి బాధ్యత ఉంది. సాక్షి తనవారికి అనుకూలమైనదే చెప్పి తక్కినది మింగితే న్యాయం జరగదు. తన వారికి వ్యతిరేకమైనా సత్యమే పలకాలని దివ్య ఖుర్ఆన్ బోధించే సముదాయానికి ఈ ధర్మాన్ని వేరుగా నేర్పనక్కరలేదు. హైదరాబాదు పాల్గొన్న యుద్ధ చరిత్రను, నిజాం విధేయతను, సిపాయి మౌనాన్ని, అంకారా నిర్ణయాన్ని ఒకే చోట ఉంచి చెప్పగల తెలుగు గ్రంథం నేటి తక్షణావసరం.