పాత జీపునకు తొలి ఆయిలు మార్పు

యుద్ధావసరమునకై 1941 నుండి అమెరికాలో తయారై, స్వాతంత్ర్యానంతరము మహీంద్రావారి మూలమున మన దేశమున స్థిరపడిన విల్లీస్ జీపు, చిరకాలము మూలబడి నూజెండ్ల వంటి పల్లెలో మరల కదలనున్నప్పుడు, దానికి తొలిసారి ఆయిలు మార్చు మెకానిక్కు నేర్పు నిక్కముగా ప్రశంసార్హము. ఇంజను కొంతసేపు నడపినచో వెచ్చబడి పలుచనైన నూనె అడుగుమడ్డిని వెంటబెట్టుకొని దిగునని యెఱిగి, అతడు నూనె నిలుచు చాంబరు క్రింద పళ్లెముంచి, పానాతో దాని అడుగు బోల్టును మెల్లగా సడలించును. నల్లని ధారను వ్రేళ్లనడుమ రాచి చూచును: లోహపు రజను మెఱసినచో అరుగుదల, పాలవలె తెల్లబారినచో నీరు చేరిన జాడ. ఈ పరీక్షయే నాకు పనియంతటిలో మిన్నగా తోచును. పిదప క్రొత్త వాషరు వేసి, మరలు చెడకుండ బోల్టును తొలుత చేతితోనే త్రిప్పి, ఆ 60 అశ్వశక్తుల యంత్రమునకు సుమారు 4 లీటర్లు పోసి, గేజిపుల్ల తుడిచి చూచును. మిరపచేల దుమ్ములో తిరుగవలసిన బండి గనుక, గాలిని వడగట్టు గిన్నెలోని నూనెను సైతము మరువడు.