చీలిక మిగిలింది, భాష జారింది

లిప్సెట్, రొక్కాన్ 1967లో తెచ్చిన వ్యాససంపుటికి రాసిన పీఠిక ఓటర్ల మొగ్గు గురించి చదివేవారికి నేటికీ పెద్దబాలశిక్ష వంటిది. పశ్చిమ యూరప్‌లో ప్రభుత్వం–చర్చి, పొలం–ఫ్యాక్టరీ, యజమాని–కార్మికుడు వంటి పాత చీలికలే పార్టీలయ్యాయనీ, 1920ల నాటి ఆ పొందికే 1960ల దాకా చాలావరకు గడ్డకట్టి ఉందనీ వారి వాదం.

తమిళనాట తెలుగువాడిగా చదివితే నాకు తట్టేది వేరు. సరిగ్గా ఆ 1967లోనే మద్రాసులో కాంగ్రెసు ఓడి డి.ఎం.కె. గద్దెనెక్కింది. అంటే ఇక్కడ పార్టీలు మారాయి, చీలిక మారలేదు. 1916లో జస్టిస్ పార్టీ గీసిన బ్రాహ్మణ, బ్రాహ్మణేతర గీతే 1944లో ద్రావిడ కళగం, 1949లో డి.ఎం.కె. దాన్ని గీసినవారిలో త్యాగరాయ చెట్టి, నడిపినవారిలో పానగల్, బొబ్బిలి రాజాలు మనవాళ్లే. 1937లో మొదలైన హిందీ వ్యతిరేక పోరాటం తరువాత ఆ గీతకు తమిళమే ఊపిరైంది.

చీలిక తనంతట తాను ఓటైపోదు, ఎవరో పూనుకుని కట్టాలి అని పీఠిక గట్టిగానే చెబుతుంది. కట్టినవాళ్ల భాషే ఆ ఇంట్లో పరాయిదైతే? ఆ ఊసు అందులో లేదు, నా దృష్టిలో అది లోటే. 2009లో ఎస్సీ కోటాలో అరుంధతీయులకు 3 శాతం ఉపకోటా వచ్చింది. వారిలో చాలామంది ఇంట తెలుగే మాట్లాడతారు. కానీ అది దక్కింది కులం పేరిట.