లింటన్ క్వేసి జాన్సన్ రెగే కవిత్వం: వలస కుటుంబ స్వరాలు

వ్యాససంగ్రహం: జమైకా నుంచి ఇంగ్లండుకు వలస వెళ్లిన లింటన్ క్వేసి జాన్సన్ (జ. 1952) రెగే సంగీతంతో కవిత్వాన్ని మేళవించిన కళాకారుడు. ఆయన రచనలను రాజకీయ నినాదాలుగా మాత్రమే చూసే అవకాశం ఉంది. ఆయన బలం నినాదంలో కాక, వలస కుటుంబంలోని మనుషులకు ఇచ్చిన గొంతులో ఉందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: రెగే, డబ్ కవిత్వం, వలస, క్రియోల్, లయ.

1. ఉపోద్ఘాతం

జాన్సన్ జమైకాలోని చాపెల్టన్‌లో జన్మించారు. 1963లో, 11 ఏళ్ల వయసులో, అప్పటికే లండన్ చేరిన తల్లి దగ్గరికి వెళ్లారు. విద్యార్థిగా ఉండగానే బ్రిటిష్ బ్లాక్ పాంథర్ ఉద్యమంలో చేరారు. తర్వాత గోల్డ్‌స్మిత్స్ కళాశాలలో సమాజశాస్త్రం చదివారు. 1978లో తొలి ఆల్బమ్ 'డ్రెడ్ బీట్ ఆన్ బ్లడ్' వెలువడింది. బార్బడోస్ నుంచి వచ్చిన మరో వలసజీవి డెన్నిస్ బోవెల్ ఆయన సంగీతానికి ప్రధాన సహకారిగా నిలిచారు.

2. భాష - లయ

చెడిపోయిన ఇంగ్లీషుగా చిన్నచూపుకు గురైన జమైకన్ క్రియోల్‌ను జాన్సన్ ఉచ్చారణకు తగిన వర్ణక్రమంతో రాశారు. రెగే పాటకు ఆధారమైన బేస్ గిటార్ నడకను పదాల ఊనికలోనే ఇమిడ్చారు. వాద్యాలు లేకుండా చదివిన 'ఎ కాపెల్లా లైవ్' (1996) ఇందుకు నిదర్శనం. వాద్యబృందం తప్పుకున్నా లయ తప్పలేదు. సంగీతమే ఈ కవితలను నిలబెట్టిందన్న వాదన ఇక్కడ వీగిపోతుంది.

3. మూడు గొంతులు

'సోనీస్ లెటా' (1979) జైలు నుంచి కొడుకు తల్లికి రాసిన ఉత్తరం. 1824 నాటి వాగ్రెన్సీ చట్టం ప్రకారం అనుమానం మీదే అరెస్టు చేసే అధికారం పోలీసులకు ఉండేది. బస్సు కోసం నిలబడిన తమ్ముణ్ని పోలీసులు కొడతారు, అన్న ఎదురుతిరుగుతాడు, ఒక పోలీసు మరణిస్తాడు. అయితే ఉత్తరంలోని వేదన, తమ్ముణ్ని చూసుకుంటానని అమ్మకిచ్చిన మాట నిలుపుకోలేకపోవడం గురించి. క్షేమసమాచారాల మర్యాద, జరిగిన హింస పక్కపక్కన నిలవడంతో ఆగ్రహం ఇనుమడిస్తుంది.

'ఇంగ్లన్ ఈజ్ ఎ బిచ్' (1980)లో మాట్లాడేది 55 ఏళ్ల కార్మికుడు. భూగర్భ రైల్వే, హోటల్లో గిన్నెలు కడగడం, కందకాలు తవ్వడం, చివరికి కర్మాగారం నుంచి తొలగింపు: ఇదీ అతని జీవితపట్టిక. అప్పటికి 30 ఏళ్లు కూడా నిండని కవి తన ముందుతరం అలసటను తన గొంతుతో పలికించారు.

తండ్రి స్మృతిలో రాసిన 'రెగే ఫి డాడా' (1984) ఈ వరుసను పూర్తిచేస్తుంది. స్వదేశానికి వెళ్లిన కొడుక్కి అక్కడా పేదరికమే ఎదురవుతుంది. తిరిగి వెళ్లడానికి స్వర్గమేదీ మిగలలేదన్న ఎరుక ఈ స్మృతిగీతాన్ని వ్యక్తిగత దుఃఖానికి అవతలికి తీసుకువెళ్తుంది.

4. పరిమితి

1981 నాటి అల్లర్ల నేపథ్యంలోని 'మేకింగ్ హిస్టరీ'లో సంబోధన నేరుగా పాలకుల వైపు తిరుగుతుంది. అక్కడ తీర్పు ముందే ఖరారైంది. శ్రోతకు అంగీకరించడం తప్ప పని మిగలదు. పై మూడింటిలో మాత్రం తీర్పు శ్రోతకే వదిలివేయబడింది.

5. ముగింపు

2002లో పెంగ్విన్ మోడరన్ క్లాసిక్స్ వరుసలో చోటు పొందిన తొలి నల్లజాతి కవి జాన్సన్. ఆ గౌరవం వల్ల క్రియోల్‌కు కొత్తగా స్థాయి వచ్చిందనడం సరికాదు. అమ్మకు ఉత్తరం రాయడానికీ, నాన్న కోసం ఏడవడానికీ ఆ భాష సరిపోతుందని ఆయన కవితలు అంతకుముందే నిరూపించాయి.