చీపురుకట్ట నేర్పిన పాఠము

విదేశమునకు ఉద్యోగిని పంపవలసినప్పుడు అతని పట్టాను, పనితనమును చూచుట పరిపాటి. అవి మాత్రమే చాలునా? ఈ ప్రశ్నకు కథారూపమున సమాధానము చెప్పిన గ్రంథము 'ది అగ్లీ అమెరికన్'. విలియం లెడరర్, యూజీన్ బర్డిక్ అను అమెరికను రచయితలు వ్రాసిన ఈ పుస్తకము 1958లో వెలువడినది.

కథ ఆగ్నేయాసియాలోని సార్‌ఖాన్ అను కల్పితదేశమున జరుగును. అచటి అమెరికా రాయబారికి ఆ దేశభాష రాదు. హోమర్ ఆట్కిన్స్ అను ఇంజనీరు మాత్రము పల్లెలో కాపురముండి, పొలములకు నీరెక్కించుటకు సైకిలుతో త్రొక్కెడి పంపును తలపెట్టును. అయితే సైకిలును పంపునకు బలిచేసినచో దాని యజమాని దేనిపై తిరుగును? పని తీరగానే సైకిలును తీసికొనిపోవు ఉపాయమును సూచించినవాడు జీపో అను స్థానిక మెకానిక్కు. గ్రంథనామమును నేడు మొరటు అమెరికనునకు వాడుచున్నారు గాని, కథలోని కురూపి ఈ మంచి ఇంజనీరే!

అతని భార్య ఎమ్మా ఆ పల్లెలోని వృద్ధుల వంగిన నడుములను గమనించును. వారి చీపుళ్లకు పొడవైన పిడి లేదు. అందుకు తగిన కఱ్ఱ అచట అరుదు. ఆమె పొడవైన కాడలుగల రెల్లును వెదకి తెచ్చి ఇంటివద్ద నాటి, దానితో చీపురు కట్టి నిటారుగా నిలిచి ఊడ్చును. ఉపన్యాసమేమియు లేదు. ఇరుగుపొరుగువారు చూచి తామే నేర్చుకొందురు. పరిశీలన, ఊహ, ప్రయోగము – శాస్త్రపద్ధతి యంతయు ఈ చిన్న కథలో ఇమిడియున్నది.

అయినను లోపములు లేకపోలేదు. వార్ధక్యమున నడుము వంగుటకు ఎముకలు గుల్లబారుట మొదలగు పెక్కు కారణములు కలవు. నేరమంతయు చీపురుపై మోపుట కథకుల సౌలభ్యమే. అంతకంటె పెద్ద లోపము, కమ్యూనిస్టులపై గెలుపునే రచయితలు విజయమునకు కొలబద్దగా గైకొనుట. పల్లెకు నీరందినదా లేదా అనునదే సరియైన కొలత కావలెను.

ఎమ్మాను ఏ కార్యాలయమును ఎంపిక చేయలేదు, ఆమెకు శిక్షణ నీయలేదు. అట్టివారిని లెక్కలోనికి తీసికొనకుండుట ఎంత పొరపాటో తరువాత తెలిసినది. విదేశములకు పంపిన ఉద్యోగులు విఫలులగుటకు గల కారణములను రోసలీ టంగ్ పరిశోధించి 1982లో ప్రకటించిరి. అమెరికను సంస్థల విషయమున మొదటి కారణము, జీవితభాగస్వామి క్రొత్తచోట ఇమడలేకపోవుట.

కావున పంపువారు పట్టాతోపాటు మూడింటిని విచారింపవలెను: ఆ దేశభాష నేర్చుకొనునా? జీపో వంటివాని మాటను చెవినిడునా? ఇంటివారును సిద్ధముగా నున్నారా? ఈ మూడు ప్రశ్నలను తోపించుటచే, లోపములున్నను ఈ గ్రంథము నేటికిని చదువదగినది.